మిగిలిన పిల్ల

“ముందు ఇల్లు ఎక్కడుండేదో చూపించండి,” అంది అర్వా.

“నువ్వు నిలబడ్డది వంటింట్లోనే,” అన్నాడు ముక్బిల్.

అర్వా కాళ్ల కిందికి చూసింది. రాళ్లు, బూడిద, సొట్టపడిన గిన్నె మూత. మెల్లగా పక్కకు జరిగింది.

ముక్బిల్ పక్కింటి ముసలాయన. ఆమె టేపుతో బాంబు పడ్డ గొయ్యి కొలుస్తుంటే, బుగ్గన ఆకు ముద్ద పెట్టుకుని రెండో కొస పట్టుకున్నాడు. రాళ్ల మధ్య దొరికిన బాంబు ముక్కను కాలితో ఆమె వైపు తోశాడు.

“దీని మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది. చదువు. మావాళ్ల పేర్లేమైనా ఉన్నాయేమో.”

“నంబర్లే ఉన్నాయి తాతా.”

“అంతేలే. మొన్న వచ్చినవాళ్లు బిస్కట్లన్నా తెచ్చారు. నువ్వు ఉత్త టేపు పట్టుకొచ్చావు.”

అర్వా నవ్వలేదు, నొచ్చుకోలేదు. ఫోటోలు తీసుకుంది. సనా నగరం నుంచి ఇలా బాంబులు పడ్డ కొండ ఊళ్లకు వివరాలు రాసుకోవడానికి రావడం ఆమెకు కొత్త కాదు. ఇల్లు ఎవరిది, లోపల ఎవరున్నారు, ఎవరు చనిపోయారు. ఎక్కడికెళ్లినా అవే ప్రశ్నలు. పోయినవాళ్లు సైనికులు కారు, మామూలు మనుషులేనని రుజువు చెయ్యాలి. ఒక్క పేరు తప్పు పడినా చాలు, బాంబు వేసినవాళ్లు మొత్తం కట్టుకథేనని కొట్టిపారేస్తారు.

“అన్నదమ్ములిద్దరూ ఇందులోనే ఉండేవాళ్లు,” అన్నాడు ముక్బిల్. “పెద్దవాడు హమూద్, చిన్నవాడు జాబిర్. జొన్న వేసుకుని బతికేవాళ్లు. తుపాకీ ఉందా అంటావు, పెళ్లిళ్లలో పేల్చేది ఒకటి ఉండేది. ఎవరింట్లో లేదు? హమూద్ పెళ్లాం తఖియా నీళ్లకు వెళ్లి బతికింది. ఇంట్లో ఉన్నవాళ్లలో ఒక్క పిల్ల మిగిలింది.”

ఆకు ముద్ద ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు.

“ఖౌలా. తఖియా కూతురు.”

“జాబిర్ వైపు ఎవరూ మిగల్లేదా?”

“లేదు. వాళ్ల పిల్ల సబా కూడా పోయింది. దాని మేనమామ అదెన్ నుంచి వచ్చాడు, యుద్ధంలో అవతలి పక్షం చేతిలో ఉన్న ఊరది. సబా బతికుంటే తీసుకుపోయి పెంచుకునేవాణ్ణని ఏడ్చాడు. సమాధి చూసుకుని వెళ్లిపోయాడు.”

తఖియా ఇప్పుడు ముక్బిల్ వాళ్ల మేకల కొట్టం పక్క గదిలో ఉంటోంది. అర్వా వెళ్లేసరికి రొట్టెలకు పిండి కలుపుతోంది. రికార్డర్ ఆన్ చేసినా చేతులు ఆగలేదు.

“ఎవరెవరు పోయారో చెప్పగలవా అక్కా?”

“మా ఆయన హమూద్. మా అత్త. నా కొడుకు యాసీన్, మీసాలొస్తున్నాయని ఎప్పుడూ అద్దం ముందే ఉండేవాడు. మరిది జాబిర్. అతని భార్య లుత్ఫియా. వాళ్ల చంటివాడు, ఇంకా పేరు పెట్టలేదు.” పిండిలో ఇంకొంచెం నీళ్లు పోసింది. “వాళ్ల అమ్మాయి సబా.”

“సబాకు ఎన్నేళ్లు?”

“ఏడు. ఖౌలా ఈడే. ఇద్దరికీ ఒకటే దుప్పటి. నాదంటే నాదని పొద్దస్తమానం కొట్టుకునేవాళ్లు.”

సంత నుంచి తేవలసిన సరుకులు చెప్పినట్టు చెబుతోంది. అర్వా ఇలాంటి గొంతులు చాలానే వింది.

పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. తలకూ, ఒక చెంపకూ కట్టు. తఖియా లేచి వెళ్లి నోట్లో రొట్టె ముక్క పెట్టింది.

“తిను ఖౌలా.”

పిల్ల తింది. తఖియా డబ్బా తీసుకుని నీళ్లకు వెళ్లింది.

అర్వా పిల్ల పక్కన కూర్చుంది.

“నీ పేరేంటమ్మా?”

పిల్ల దారి వైపు చూసింది. తఖియా వీపు ఇంకా కనిపిస్తోంది.

“ఖౌలా.”

“ఆ రోజు నువ్వెక్కడున్నావు?”

“మేకల దగ్గర. అమ్మ పాలు పితుకుతోంది. నేను మేకను కదలకుండా పట్టుకున్నా.”

“తర్వాత?”

“పెద్ద చప్పుడొచ్చింది. అమ్మ నా మీద పడింది. అమ్మ మీద గోడ పడింది. లేమ్మా, లేమ్మా అన్నా. లేవలేదు.”

అర్వా చేతిలో పెన్ను ఆగిపోయింది.

విమానం వచ్చినప్పుడు తఖియా ఊట దగ్గర ఉంది. పాలు పితికింది లుత్ఫియా. అంటే ఈ పిల్ల సబా.

ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. పిల్ల పెదవులు బిగించుకుని రొట్టె మీది మాడును గిల్లుతోంది.

సగం మొహం కట్టులో ఉంది. ఒకటే ఈడు, ఒకే ఇంటి పోలిక. ఆ గందరగోళంలో ఎవరో తెచ్చి ఒళ్లో పెడితే తఖియా తన కూతురే అనుకుని ఉంటుంది. దుఃఖంలో కళ్లెదుటిది కనపడని వాళ్లను అర్వా ఎరుగును. భయపడి పిల్ల కూడా సరేనని ఉంటుంది.

చెప్పకుండా వెళ్లిపోవచ్చు. కానీ పోయినవాళ్ల జాబితాలో బతికున్న పిల్ల పేరు పడుతుంది. రేపు ఎవరైనా అది బయటపెడితే మిగతా అందరి చావులూ అబద్ధమైపోతాయి. చెబితే, తఖియాకు మిగిలింది కాస్తా పోతుంది.

తఖియా నీళ్లతో తిరిగొచ్చింది. అర్వా రికార్డర్ ఆపేసి ఆమె చెయ్యి పట్టుకుంది. గోళ్లలో పిండి ఇంకా అలాగే ఉంది.

“అక్కా, ఆ రోజు అంత దుమ్ములో, పొగలో... కట్టు మార్చేటప్పుడు పాప మొహం సరిగ్గా చూశావా? ఒకవేళ ఈ పాప మీ ఖౌలా కాకపోతే?”

గుమ్మం దాకా వచ్చిన ముక్బిల్ అక్కడే ఆగి నేల చూపులు చూశాడు.

తఖియా చెయ్యి విడిపించుకుంది. పిల్లకు నీళ్లు అందించింది. తాగడం అయ్యేదాకా చూసి, ముసుగు కొసతో మూతి తుడిచింది.

“కఫన్ గుడ్డ చుట్టి మట్టిలో పెట్టేముందు నా ఖౌలాకు తల దువ్వింది నేనే, చెల్లీ.”