పదకొండు రోజుల మినహాయింపు

మధ్యాహ్నం రెండు గంటల యాభై నిమిషాలు. రేపల్లెలో తెల్లవారుజాము నుంచి ఎడతెరిపి లేని వాన. గాలి తూర్పు నుంచి. పట్టాల మీదికి నీరు చేరడంతో తెనాలి పాసింజరు రద్దయింది.

స్టేషను వసారాలో నిలబడి తనూజ మరోసారి లెక్క చూసుకుంది. విడాకుల తీర్పు మీద అప్పీలుకు తొంభై రోజుల గడువు. అది పదకొండు రోజుల కిందటే తీరిపోయింది. కానీ తీర్పు నకలు ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులను చట్టం ఆ గడువులో కలపదు. నకలుకు పట్టినవి సరిగ్గా పదకొండు రోజులు. అందువల్ల ఈ సాయంత్రం అయిదింటి దాకా వ్యవధి ఉంది.

అత్తింటివారు ఆ పదకొండు రోజులను మరిచిపోయారు. తొంభై దాటాయి కదా అని, రేపు ఉదయం బాపట్లలో రెండో పెళ్ళికి ముహూర్తం పెట్టేశారు. అప్పీలు దాఖలైతే ఆ పెళ్ళి చెల్లదు. దాఖలు కాకపోతే తనూజ కాపురం ముగిసినట్టే.

"ఎక్కు. ఆలోచిస్తే అయిదవుతుంది," అన్నాడు కిరీటి, బండి స్టార్టు చేస్తూ.

ఒంటిగంటకు ఆమె పాఠం చెప్పే బడికి వచ్చి, పెళ్ళి కబురు చెప్పినవాడు అతడే. అంతవరకు ఆమె అప్పీలు వద్దనే అంది. "నేనక్కర్లేదని సంతకం పెట్టినవాడి కోసం కోర్టు మెట్లెక్కనండి," అని ప్లీడరు లక్ష్మీనారాయణ గారికి తెగేసి చెప్పింది. అయినా ఆయన తెనాలిలో కాగితాలు సిద్ధం చేసి ఉంచారు. కావలసినవి ఆమె సంతకం, ఆమె చేతిసంచీలోని నకలు.

భట్టిప్రోలు దాటాక రోడ్డు నీటి కిందికి వెళ్ళిపోయింది.

"కాస్త నెమ్మదిగా పోనీయండి. కాలవేదో రోడ్డేదో తెలీట్లేదు."

కిరీటి జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది.

"తీయండి పోనీ."

"తీస్తే బండి వెనక్కి తిరుగుతుంది."

వేమూరు దగ్గర ఇంజను ఆగింది. ఇద్దరూ మోకాటి లోతు నీళ్ళలో తోశారు. అప్పటికి నాలుగయింది.

"మనకెందుకీ అవస్థ?" అంది తనూజ, కొంగు నడుముకు దోపుకుంటూ. "ఆ పెళ్ళికొడుకు నోరు తెరిచి వద్దనొచ్చుగా?"

"వాళ్ళ నాన్న ముందు వాడికి నోరెక్కడిది? కోర్టు కాగితం చూస్తే పెద్దాయనే ఆగుతాడు."

"ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, పిరికి సన్నాసికి!"

"సన్నాసే," అన్నాడు కిరీటి, కిక్కు మీద కిక్కు కొడుతూ. అయిదో కిక్కుకు బండి కదిలింది.

నాలుగు గంటల నలభై ఆరు నిమిషాలకు, నీళ్ళోడుతూ, తెనాలి కోర్టులో అప్పీళ్ళు తీసుకునే కిటికీ ముందు నిలబడ్డారు. లక్ష్మీనారాయణ గారు తనూజ చేత సంతకం పెట్టించి అందించిన కాగితాలను లోపల గుమాస్తా రూతు తిరగేసింది.

"గడువు దాటింది కదండీ. ఆలస్యం మన్నించమనే అర్జీ ఏది?"

"అక్కర్లేదమ్మా. నకలు వెనక తేదీలు చూడు," అన్నారు ఆయన.

రూతు వేలు పెట్టి రోజులు లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఇవాళే ఆఖరు," అని ముద్ర వేసింది. నాలుగు యాభై మూడు.

"ప్రతివాది వెంకట్రామయ్య... ఈయన నోటీసు తీసుకుంటాడా, తప్పించుకు తిరిగే రకమా?" అడిగింది రూతు.

"తీసుకుంటాడండి," అన్నాడు కిరీటి.

"మీరేమవుతారు బాబూ?"

"బండి తోలేవాణ్ణండి."

మర్నాడు బాపట్లలో పెళ్ళి జరగలేదు.

ఏడేళ్ళు గడిచినా ఆ అప్పీలు విచారణకు రాలేదు. వాయిదా వాయిదాకూ అప్పీలుదారు పక్కనే వచ్చి కూర్చునే ప్రతివాది వెంకట్రామయ్యది తాతగారి పేరు, కోడళ్ళు నోట పలకకూడని పేరు కావడంతో, పుట్టిన నాటి నుంచీ ఇంట్లో అతన్ని కిరీటి అనే పిలుస్తారు.