మాట వినని కుందేలు

వందేళ్ళనాటి నెగటివ్ రీళ్ళ మీది బూజు ఏడాదిపాటు తుడిచి, ఆ బొమ్మల సినిమాను ధరణి మళ్ళీ ఆడే స్థితికి తెచ్చింది. పిల్లలకు నచ్చకపోతే దీన్నీ ఇప్పటి అన్ని సినిమాల్లాగే, తెరమీది బొమ్మలు చూసేవాళ్ళ మాట వినేలా మార్చేస్తామన్నారు స్టూడియోవాళ్ళు. అందుకే ఇంట్లో కూతురికి వేసి చూపిస్తూ ధరణి ఒకచోట కూర్చోలేకపోతోంది.

తెరమీద కుందేలు నక్క గుహ వైపు గెంతింది.

“అటెళ్ళకు! వెనక్కొచ్చెయ్!” అని ఆజ్ఞాపించింది ఆరేళ్ళ మేఖల.

కుందేలు ఆగలేదు.

“ఏయ్, నీకే చెప్పేది!”

కుందేలు గుహలోకి దూరింది. తెరంతా చీకటైంది. మేఖల బిక్కమొహం వేసింది.

“పాతది కదమ్మా, మాట వినదు. ఆపేస్తాలే,” అంటూ ధరణి తెర దగ్గరికి నడవబోయింది.

మేఖల తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది, తెరమీంచి కళ్ళు తిప్పకుండానే.

“ఆపకమ్మా! ఇప్పుడేమవుద్దో నాకు తెలీదు!”