మసక కాగితం

"ఈ కాగితం పెట్టిన దగ్గర్నుంచీ నా కళ్లు మంటలండీ మేడం," అన్నాడు లెక్కల ప్రొఫెసరు, కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెడుతూ.

పర్చేజ్ మేడం పుస్తకంలో రాసుకుంది. పొద్దుటి నుంచి ఇది ఏడో ఫిర్యాదు.

యూనివర్సిటీలో పెన్సిల్ దగ్గర్నుంచి బీరువా దాకా ఏది కొనాలన్నా ఆవిడ సంతకం పడాల్సిందే. అందుకే అందరికీ ఆవిడ పర్చేజ్ మేడం. ఒకటో తారీఖు నుంచి అన్ని విభాగాల్లోనూ రీసైకిల్ కాగితమే వాడాలని నోటీసు పెట్టింది కూడా ఆవిడే.

ఆ నోటీసు వెనక నాలుగేళ్ల తిప్పలున్నాయి. ప్రతి ఏడూ పరీక్షల విభాగం వెనక పాత జవాబు పత్రాలు తగలబెట్టేవారు. మసి ఎగిరొచ్చి ఆవిడ ఫైళ్ల మీద పడేది. ఓ ఏడాది చూసింది, రెండేళ్లు చూసింది, ఇక లాభం లేదనుకుంది. ఆ పత్రాలనే గుజ్జు చేసి మళ్లీ కాగితంగా మార్చే చిన్న మిల్లును వెతికి పట్టుకుంది. చెప్పులరిగేలా తిరిగి అనుమతి తెచ్చింది. పాత పత్రాలు మిల్లుకు, కొత్త కాగితం యూనివర్సిటీకి. పొగ లేదు, మసి లేదు.

పనిలో పనిగా పన్నెండు నిబంధనలు రాసి గోడల మీద అంటించింది. వాటిని చదివిన పాపాన పోయినవాడు స్టోర్ బాబాయి ఒక్కడే. ఆయనైతే ఏకంగా కంఠతా పట్టేశాడు. రెండు కాగితాలు ఎక్కువ అడిగితే "రెండో వైపు రాశారా?" అంటాడు. ప్లాస్టిక్ కవర్లన్నీ స్టోర్లోనే విప్పి, సరుకంతా గుడ్డ సంచుల్లో పంపిస్తాడు. సాక్షాత్తు రిజిస్ట్రారు గారి పీఏ కొత్త పెన్ను అడిగితే, పాతది అయిపోయినట్టు గీసి చూపించమన్నాడు. అందరూ తిట్టుకున్నారు గానీ, బాబాయి జంకలేదు.

ఒకటో తారీఖు మధ్యాహ్నానికే గోల మొదలైంది.

"ప్రింటరులో ఇరుక్కుంటోంది," అంది లైబ్రేరియన్.

"ఇంకు మొత్తం పీల్చేస్తోంది," అంది టైపిస్టు.

పరీక్షల సూపరింటెండెంటు ఓ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు. "నానిన గోడ వాసన. ఫెయిలైన పేపర్లతో చేసిన కాగితం, ఇదెక్కడ పాసవుతుందండీ?" అన్నాడు. స్టాఫ్ రూమంతా పగలబడి నవ్వింది. మర్నాటికి ఆ జోకు గేటు దాకా పాకింది.

మేడం ఊరుకోలేదు. ప్రింటరు మెకానిక్‌ని పిలిపించింది. అతను మూత తీసి చూసి, "రోలర్లు అరిగిపోయాయండీ. పాపం, కాగితమేం చేసింది?" అన్నాడు. ఆ మాట ఆవిడ నలుగురిలో చెబితే, "మీరు పిలిస్తే వచ్చినవాడు మీ మాటే చెప్తాడు," అని కొట్టిపారేశారు.

ఇక ఎవరికని చెప్పుకుంటుంది? కారిడార్లో నడిచినా ఎవరో ఒకరు కాగితం ఊపుతూ ఎదురొచ్చేవారు. మంచికి పోతే మొహాన కొట్టినట్టయిందని ఉక్రోషం వచ్చింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడే స్థితికి వచ్చింది.

ఇరవయ్యో రోజు సాయంత్రం ఆఫీసు కాగితం ఒకటి ఇంటికి తెచ్చుకుంది. కిటికీ వెలుగులో పెట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నిజమే. కాస్త మసకగానే ఉంది.

"ఏవండీ, ఓసారి వాసన చూడండి."

భర్త కాఫీ కప్పు పక్కన పెట్టి, ఒకటికి రెండుసార్లు చూశాడు. "అవునోయ్. కొంచెం చెమ్మ వాసన."

"అంతమంది చెప్తున్నా నేనే మొండికేశానన్నమాట," అంది ఆవిడ. అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు మీటింగు. ఫిర్యాదులన్నీ ఒక ఫైలయ్యాయి. రిజిస్ట్రారు దాన్ని ఆవిడ వైపు తోసి, "వాళ్ల సంగతి సరే. మీ కంటికెలా ఉంది? నిజం చెప్పండి," అన్నాడు.

చాలా జవాబులు సిద్ధం చేసుకుని వచ్చింది. కానీ నిన్న కిటికీ దగ్గర చూసిందే చెప్పింది.

"కొంచెం... మసకగానే ఉందండీ."

గదిలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఒప్పందం రద్దు చేస్తూ ఆవిడే స్వయంగా రాసి సంతకం పెట్టింది. నాలుగేళ్ల పని నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

"అయితే పాత జవాబు పత్రాలు ఎప్పటిలాగే వెనకాల తగలబెట్టించెయ్యనా?" అన్నాడు సూపరింటెండెంటు హుషారుగా. ఆవిడ తల దించుకుని బయటికొచ్చేసింది.

మెట్లు దిగి స్టోరుకు వెళ్లింది. బాబాయి పాత డబ్బాల మీద చీటీలు అంటిస్తున్నాడు.

"రీసైకిల్ కాగితం ఆపేశారు బాబాయ్. మిగిలింది మిల్లుకు తిప్పి పంపెయ్. ఎంతుందో చూపించు."

బాబాయి తాళాలు తీసి లోపలి గదిలో లైటు వేశాడు. మిల్లు ముద్ర ఉన్న కట్టలు గోడ పొడుగునా పైకప్పుని తాకుతున్నాయి.

ఆవిడ ఆ కట్టల్ని కింది నుంచి పైదాకా చూసింది. "ఇదేమిటి, ఇన్ని రోజులు ఇంతమంది వాడాక కూడా ఇంత మిగిలిందా?"

బాబాయి ఆవిడ వంక వింతగా చూసి, తలుపు మీద అంటించిన నిబంధనల్లో మొదటిదాని మీద వేలు పెట్టాడు.

"పాత సరుకు అయిపోకుండా కొత్తది విప్పొద్దని మీరేగా రాశారమ్మా, ఇన్నాళ్లూ నేను పంపింది ఆ పాత తెల్ల కాగితమే, వీటిలో ఒక్క కట్టయినా ఇంకా విప్పలేదే!"