ముత్యం దుప్పటి

“గజ్జి గుర్రం మీద మా అన్నను ఎక్కిస్తమా? మా ఇజ్జత్ ఏం గావాలె?” అన్నాడు పెళ్లికొడుకు తమ్ముడు ఉమేష్, గుర్రానికి ఆమడదూరంలో నిలబడి.

ఈరన్న ముఖం మాడిపోయింది. బరాత్‌లకు పోయే ఆ తెల్లగుర్రం ముత్యమే ఆ ఇంటికి సగం కూడు. “గజ్జి గాదు తమ్మీ. వానకాలం సన్నదోమ కుడితే దీని ఒంటికి పడదు. దురదకు గోడకు రాసుకుంట జూలు ఊడగొట్టుకుంది. ఒకరికి అంటేది గాదని పశువుల డాక్టర్ గూడ చెప్పిండు.”

“గవన్నీ మాకెందుకు? పెండ్లినాడు ఒక్క పుండు కనబడ్డా వేరే గుర్రం తెచ్చుకుంటం,” అని ఉమేష్ బండెక్కి వెళ్లిపోయాడు.

మగ్గం గుంటలో కూర్చున్న తిమ్మమ్మ అంతా విన్నది. ముత్యాన్ని ఒక మాటంటే ఆమెకు కన్నబిడ్డను అన్నట్టే.

“ఏం జేద్దమే?” అన్నాడు ఈరన్న పెళ్లాంతో. “పొద్దుగూకంగనే దోమలు ముసురుతయి. బరాతేమో గప్పుడే. ఒళ్లంత కప్పి తీస్కపొమ్మన్నడు డాక్టర్. దోమతెరలకెళ్లి గీ సన్నదోమ దూరుతది. గొంగడి కప్పితే ఉడుకపోస్తది.”

“నేను నేస్త.”

“ఒట్టి తెల్లగుడ్డ చాలు. గుర్రానికే గద.”

తిమ్మమ్మ కళ్లెర్రజేసింది. “నా మగ్గం మీదికెళ్లి అంచు లేని గుడ్డ ఎప్పుడన్న దిగిందా?”

ఈసారీ దిగలేదు. దోమ కాదు కదా, దాని నీడ కూడా దూరనంత దగ్గరగా నూలు నేసింది. రెండు పక్కలా పట్టు అంచు, అంచు మీద కోటకొమ్మ నగిషీ. జరీ కొంగు తోక మీదికి జారేలా కుట్టింది. ఈరన్న తల కొట్టుకున్నాడు గానీ, అది కప్పిన సాయంత్రం నుంచీ ముత్యం గోడ జోలికి పోలేదు.

బరాత్‌లో జనం పెళ్లికొడుకును వదిలేసి గుర్రాన్నే ఫోటోలు తీసుకున్నారు. వెనకాల నడుస్తున్న తిమ్మమ్మకు కాళ్లు నేల మీద ఆనలేదు. గద్వాల మొత్తం మీద ఇంత అందమైన గుర్రం లేదనుకుంది, పక్కవాళ్లతో పైకే అనేసింది కూడా.

పందిరి దగ్గరికి చేరారో లేదో, ఉమేష్ పరుగెత్తుకొచ్చాడు. “అక్కా, జర ఆ బట్ట తీసెయ్యి. దండం పెడత.”

“తీస్తే పుండ్లు కనబడ్తయి.”

“కనబడనియ్యి.”

“మరి మీ ఇజ్జత్?”

ఉమేష్ పందిరివైపు భయంగా చూశాడు. “వదిన పీటల మీద కూసుంటలేదక్కా. ‘నాకు మిల్లు చీర దెచ్చి, గుర్రానికి గద్వాల చీర కడ్తరా’ అంటుంది.”