పుష్యంలో తూములు

మధుబాబు నిచ్చెనను గోడకు ఆనించాడో లేదో, కింది వాటాలోంచి పట్టాభి బయటికొచ్చేశాడు.

“ఏటిది మిస్త్రీ? దుర్గాపూజ మొన్ననే కదా అయ్యింది. గోడలింకా వాన నీరు కక్కతన్నాయి. ఇప్పుడు తూములు బిగిస్తే మేకులు నిలుస్తాయేటి? చైత్రంలో రా.”

మేడ మీది వరండాలోంచి సత్యవేణి తొంగి చూసింది.

“చైత్రంలో పిలిస్తే కాలబైశాఖి గాలికి రేకులు ఎగిరిపోతాయన్నావు కదా మావా!”

“ఎగిరిపోవా మరి?”

“ఆషాఢంలో పిలిస్తే సిమెంటు ఆరదన్నావు.”

“ఆరుతదేటి? నువ్వే సెప్పు.”

కొళాయి దగ్గరున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. పెద్దాయన మాట కాదనలేక మధుబాబు నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

కలకత్తా భవానీపూర్‌లో ఇరుకు సందు చివర పాత మేడ అది. పై వాటాకు రేకుల కప్పు. వాన నీళ్ళు గోడ మీద పడకుండా చూరు చుట్టూ రేకు తూములు, వాటి నుంచి కాలవలోకి ఒక గొట్టం ఉండేవి. ఏడాదిన్నర క్రితం సత్యవేణి ఇంట్లో లేని రోజు చూసి, తుప్పు పట్టాయని చెప్పి పట్టాభి వాటిని ఊడబీకించి పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు. అప్పటి నుంచి వానంతా గోడలోకే.

మొన్న శ్రావణంలో, నాని నాని ఉన్న వరండా సగం విరిగి పడింది. దాని కింద ఆమె భర్త ధనుంజయ్ ఉన్నాడు. ఓడరేవు డాకులో క్రేను నడిపిన మనిషి ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఒక బట్టల కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని కాపలా కాస్తున్నాడు.

ఆ రోజు పట్టాభి గొడుగు వేసుకుని వచ్చాడు. మనిషి వైపు చూడలేదు. గోడ వైపు చూశాడు. “ఇంకెంత కాలం నిలుస్తాదంటావే ఇది?” అన్నాడు. ఆ మాట సత్యవేణి గుండెలో ముల్లులా దిగిపోయింది.

తర్వాత కార్పొరేషన్ వాళ్ళు వచ్చి గోడ తట్టి చూశారు. ఇంకో వానాకాలం ఇలాగే నానితే ప్రమాదకరం అని బోర్డు కడతామన్నారు. బోర్డు కడితే అందరూ ఖాళీ చేయాల్సిందే. పట్టాభికేం? వాన పట్టిందంటే న్యూటౌన్‌లో కొడుకు ఫ్లాటుకు పోయి పడుకుంటాడు. కుంటి మనిషిని వెంటబెట్టుకుని సత్యవేణి ఎక్కడికి పోతుంది?

ఆమె ఏడవలేదు. ఈ గోడ వాడి కళ్ళ ముందే పొడిగా నిలబడాలి, అది చూసి వాడు కుళ్ళాలి అనుకుంది.

మధుబాబు నిచ్చెనతో వెనక్కి పోయిన మర్నాటి నుంచి మెత్తబడిపోయింది. చేపల పులుసు వండితే ఒక గిన్నె కిందికి పంపేది. “నువ్వన్నదే నిజం మావా. తొందరేటి, చైత్రంలోనే సూద్దారి” అనేది. పట్టాభి మీసం దువ్వుకునేవాడు.

పుష్యం వచ్చింది. మనకది శూన్యమాసం. బెంగాలీలూ ఆ నెలలో శుభమన్నది తలపెట్టరు. ఇంటికి మేకు కొట్టాలన్నా జంకుతారు. కానీ సత్యవేణి కళ్ళు తిథుల్ని చూడలేదు, గోడను చూశాయి. చుక్క వాన లేదు. విసురు గాలి లేదు. పొద్దున మంచు, పగలు ఎండ. గోడను తడితే గట్టిగా ఖంగుమంటోంది.

ఆ ఒక్క నెల గురించి మాత్రం పట్టాభికి దిగులు లేదు. నిశ్చింతగా మూట కట్టుకుని గంగాసాగర్ స్నానానికి బయల్దేరాడు. సత్యవేణి దారికి పులిహోర కట్టిచ్చింది.

“నా పేరు సెప్పి కూడా ఒక మునక ఎయ్యి మావా.”

ఆయన సందు మలుపు తిరిగాడు. ఆమె ఫోను తీసింది.

“పుష్యంలోనా వొదినా? కీడు కదా!” అన్నాడు మధుబాబు.

“జరగాల్సిన కీడు జరిగిపోనాది. నువ్వు రా.”

“పట్టాభి దాదాకి ఓ మాట సెప్పారా?”

“ఆయన్ని అడిగితే ఈ జల్మలో అవ్వదు.”

నిచ్చెన కాళ్ళను ధనుంజయ్ పట్టుకున్నాడు. తూములు చూరుకు ఎక్కాయి. సందుల్లో కూరిన సిమెంటు రాయిలా ఆరింది. సత్యవేణి బకెట్టుతో కప్పు మీద తనే నీళ్ళు పోసి చూసుకుంది. నీళ్ళు గొట్టంలోంచి బుద్ధిగా కాలవలోకి దిగిపోయాయి.

పట్టాభి గంగనీళ్ళ సీసాతో తిరిగొచ్చాడు. తలెత్తి చూసి నోరు తెరిచాడు.

“పుష్యంలో... ఎవలు సెప్పారే నీకు?”

“గంగమ్మ తల్లి సెప్పింది మావా. నువ్వు మునుగుతన్నప్పుడు.”

కొళాయి దగ్గర నవ్వులు. పట్టాభి మొహం మాడిపోయింది.

“పీకించేస్తాను!”

“పీకించు. ఈసారి మేము ఊరెల్లం. కర్ర మా ఆయన సేతిలోనే ఉన్నాది.”

ఆషాఢం. ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. సందంతా మోకాటి లోతు నీళ్ళు. సత్యవేణి టీ కాచుకుని, మిగిలిన సగం వరండాలో కుర్చీ వేసుకుంది. చూస్తున్నది వానను కాదు. కింద, గొడుగు కూడా లేకుండా గోడను ఈ చివర నుంచి ఆ చివరికి చేత్తో తడుముతున్న పట్టాభిని.

అప్పుడే కార్పొరేషన్ మనుషులొచ్చారు. గోడను తట్టారు. “భాలో ఆఛే, బాగానే ఉంది. ఇక భయం లేదు దీదీ” అని పైకి చెయ్యి ఊపి, కట్టాల్సిన బోర్డును చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

సత్యవేణి తాపీగా టీ తాగింది. ఒక్కో గుటకకూ ఆయన మొహం చూసింది.

ఇల్లు కూలితే తప్ప, తాతల నాటి నుంచి అద్దెకున్న ఆమెను కదిలించలేని ఇంటి యజమాని పట్టాభి, తన గోడ తడవలేదని తల పట్టుకుని వాన నీళ్ళలో కూర్చుండిపోయాడు.