పగిలిన పది సీసాలు

“ఈ దుకాణం మూతబడేదాక ఈన్నుంచి లెవ్వ!”

మందుల కొట్టు గడప మీద చతికిలబడి, చంకకర్ర అడ్డం పెట్టి రాచయ్య అరిచిన అరుపుకు చౌబారా బజారంతా తిరిగి చూసింది. చంకకర్రకు వేలాడుతున్న ట్రాన్సిస్టర్‌లో ఏదో పాట వస్తోంది. తన ఊరు మన్నళ్ళిలో బస్సెక్కినప్పటి నుంచీ అది మోగుతూనే ఉంది. కాలు పోయాక అతనికి పొద్దు గడిచేది దానితోనే. దాని గొంతు కాస్త తగ్గించి, తన గొంతు ఇంకాస్త పెంచాడు.

కౌంటరు వెనక ఏసప్ప చేతిలోని మాత్రలు కింద పెట్టాడు. “లోపటికి రా రాచయ్యా. కూసోని మాట్లాడుకుందం.”

“లోపట మాటలు అయిపోయినయ్. ఇగ నలుగురి ముంగటనే!” రాచయ్య జనం వైపు తిరిగాడు. “ఇనుండ్రి. నేనూ వీడూ ఒక్క ఊరోళ్లం, ఒక్క ఓడల పనిజేసినం. నేను ఖలాసి, వీడు కంపౌండర్. నలభై మందిల తెలుగోళ్లం మేమిద్దరమే, తోడబుట్టినోని లెక్క చూస్తడనుకున్న. సింగపూర్ దాటినంక గొలుసు తెగి సరుకుపెట్టె నా కాలు మీద పడ్డది. మద్రాసు చేరేదాక నాలుగు రోజులు సముద్రం మీద మొత్తుకున్న. నొప్పి తెల్వకుండ జేసే మార్ఫియా సూదిమందు సీసలు వీని తాళం కింద పది ఉండాలె. ఒక్కటియ్యలె! ఎందుకియ్యలె? సింగపూర్‌ల అమ్ముకున్నడు!”

“అమ్ముకోలె. ఓడ ఊగితె పగిలినయ్. కప్తానుకు గూడ చెప్పిన.”

“పదికి పది పగిలినయా? ఆ పక్కనే ఉన్న దగ్గుమందు సీసకు గీత గూడ పడలె!”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రాచయ్య పెళ్లాం భీమవ్వ మాత్రం నవ్వలేదు. “ఇప్పటికీ రాత్రి లేసి, లేని కాలు నొస్తుందని ఏడుస్తడు నా మొగడు. నువ్వు మాత్రం నలుగురికి మందులు అమ్ముతున్నవ్. సిగ్గులేదా నీకు?”

బొంబాయి ఓడ కంపెనీకి రాచయ్య తరఫున అర్జీ రాసిపెట్టిన ఇంగ్లీషు పంతులు వెంకటస్వామి ముందుకొచ్చాడు. “అమ్మా, ఊకె ఒర్లితె కాదు. మార్ఫియా సంగతిల కానూను గట్టిగుంటది. ఓడల ఒక్క చుక్క వాడినా, ఒక్క సీస పగిలినా రిజిస్టర్ల ఎక్కాలె. కంపౌండర్ ఒక్కడు రాస్తె చెల్లదు. కండ్లార చూసిన ఇంకో మనిషి గవాహిగ దస్కతు పెట్టాలె.”

“ఆ రిజిస్టర్ నకలే ఇది!” రాచయ్య అంగీలోంచి బొంబాయి ముద్ర పడ్డ కవరు బయటికి తీశాడు. “నిన్ననే వచ్చింది. వీని మొకం చూస్కుంట ఇప్పాలని అట్లనే పెట్టిన. ఇది సర్కారోళ్లకు చూపెడితె, ఏసప్పా, ఆ గోడ మీది లైసెన్సు దిగుతది.”

అద్దం చట్రంలో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు దర్జాగా వేలాడుతోంది. ఏసప్ప దానివైపు చూడలేదు. కవరును చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కౌంటరు దాటి పరుగున వచ్చి చేయి చాచాడు.

“రాచయ్యా, నీకు దండం బెడత. ఇప్పకు. నీ మంచికే చెప్తున్న.”

భీమవ్వ అతన్ని రెండు చేతులతో వెనక్కి నెట్టింది.

“నా మంచి నాలుగు రోజులు చూసినవ్ గద ఓడల! చాలు.” రాచయ్య ప్రాణం లేచొచ్చింది. దొంగ వణుకుతున్నాడు. ఏడాదిన్నరగా అతను ఎదురుచూసింది ఈ వణుకు కోసమే. “చదువుండ్రి సారూ. గవాహి ఉండనే ఉండడు. ఒకవేళ ఉన్నడా, వాడు వీనికంటె పెద్ద హరాంఖోర్. చూడంది చూసిన అన్నోడు. వాని పేరొక్కటి చెప్పుండ్రి, ఈ కర్రతోనే వాని కాలిరగ్గొడత.”

“వాని చెయ్యి పడిపోను!” భీమవ్వ మెటికలు విరిచింది. “వాని పెండ్లాం గూడ నా లెక్కనే ఏడ్వాలె!”

వెంకటస్వామి కవరు చింపి, ఒక్కో మాట తెలుగులో చెప్పసాగాడు. “సింగపూర్ రేవు. మార్ఫియా సీసలు పది. ఓడ ఊగుడుకు పగిలినయ్. పెంకులు సముద్రంల పారేసినం. రాసింది కంపౌండర్ ఏసప్ప. కండ్లార చూసిన సాక్షి...”

పంతులు ఆగిపోయాడు. కళ్లజోడు సర్దుకుని కాగితాన్ని దగ్గరగా పట్టుకున్నాడు. “దస్కతు ఇంగ్లీషుల లేదు. తెలుగుల ఉంది.”

ఇక చదవకుండా కాగితాన్ని రాచయ్య చేతిలో పెట్టాడు. రాచయ్య చూశాడు. వంకర టింకర అక్షరాలు మూడు. కాగితాన్ని మడిచి గుప్పిట్లో దాచుకున్నాడు.

“చెప్పిన గద,” అన్నాడు ఏసప్ప తల దించుకుని. “నీ మంచికే అని.”

చదువురాని భీమవ్వ మొగుడి భుజం పట్టి కుదుపుతోంది. “ఎవడయ్యా వాడు? పేరు చెప్పవేంది?”

రేవులో దిగే తొందరలో ఉన్న ఆ సాయంత్రం, ‘ఏం లేదు రాచయ్యా, ఒట్టి కాయిదం, ఈడ దస్కతు పెట్టు’ అని ఏసప్ప వేలు పెట్టి చూపించిన చోట చదవకుండానే సంతకం చేసినందుకు, సిరా ఆరకముందే రాచయ్య మెడలో అతను తగిలించిన ట్రాన్సిస్టర్ ఇప్పుడు చంకకర్రకు వేలాడుతూ పాడుతూనే ఉంది.