అభ్యంతరం ఉన్నవారెవరు?

“ఏం బిడ్డా లింగమూర్తీ, నువ్వు గూడ ఈడనే ఉన్నవా? దేవునోలె దొర్కినవ్ పో!”

ఆ గొంతు వినగానే లింగమూర్తి గిర్రున వెనక్కి తిరిగాడు. సకల జనుల సమ్మె ముగిసి, వకీళ్లు మళ్లీ కోర్టుకు రావడం మొదలై వారమైంది. ఇంకో పది నిమిషాల్లో తన కేసు పిలుస్తారు. ఈ ఒక్క మనిషి రాకుంటే చాలని రాత్రంతా మొక్కుకున్నాడు. సరిగ్గా ఆ మనిషే గోదావరిఖని కోర్టు వరండాలో ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు. తండ్రికి స్వయానా అన్న, పెద్దబాపు రాజం.

“నువ్వెందుకచ్చినవ్ పెద్దబాపూ?”

“ఏం జెప్పాలె బిడ్డా! మన పంచాయతి గోడకు కోర్టు కాయిదం అంటిచ్చిండ్రు. లచ్చయ్య కొడుకు రాజం సచ్చిపోయిండట, ఎవలకన్న అభ్యంతరం ఉంటె కోర్టుకు రావాల్నట. అది జూసి సెక్రటరీ నా పింఛను కొట్టేసిండు. నేను బతికే ఉన్న గద సారూ అంటె, గా ముచ్చట కోర్టుల జెప్పుకో పో అన్నడు. మూడు నెల్లాయె. నాకా సదువు రాదాయె. జడ్జమ్మతోని ఒక్క ముక్క రాయించియ్యి బిడ్డా.”

ఆ కాగితం పడడానికి కారణం లింగమూర్తే. ఒకప్పుడు బొగ్గుగని కంపెనీ నుంచి నౌకరీకి పిలుపు వచ్చింది ఈ రాజానికే. బాయిలోకి దిగాలంటే భయమేసి ఆయన ఊళ్లోనే ఆగిపోతే, ఆ పేరు చెప్పుకుని తమ్ముడు, అంటే లింగమూర్తి తండ్రి ముత్యం దిగాడు. బొగ్గుబాయిల మీద అప్పట్లో మారుపేర్లు వింతేం కాదు. ముత్యం రాజంగానే డ్యూటీలు చేశాడు, రాజం పేరుతోనే ఇల్లు కట్టాడు, రాజం అనే సంతకం పెట్టి ఆ ఇంటిని కొడుక్కి వీలునామా రాసి కన్నుమూశాడు. చావు కాగితం కూడా అదే పేరు మీద వచ్చింది. ఇక ఆ వీలునామాకు కోర్టు ఆమోదం దొరికితేనే ఇల్లు లింగమూర్తి పేరు మీదికి మారుతుంది. అసలు రాజం లేచి నోరు విప్పాడంటే వీలునామా చిత్తుకాగితమే. పెళ్లాం పిల్లలతో రోడ్డున పడాల్సిందే.

వకీలు జగదీశ్వర్ గౌను సర్దుకుంటూ వచ్చాడు. పెద్దాయన్ని ఎగాదిగా చూసి, లింగమూర్తిని పక్కకు లాగాడు.

“ఎవరయ్యా ఆయన?”

“మా ఊరాయన సార్. పింఛను పనిమీద అచ్చిండు.”

“ఊరాయనైతే సరే. ఆ అసలు రాజం ఎన్నడో పోయిండని నువ్వు ఒట్టేసి చెప్తేనే కేసు పట్టిన. ఇప్పుడేమన్న తేడా అస్తే ఇద్దరం మునుగుతం, యాదిపెట్టుకో.”

లింగమూర్తి తలూపాడు. ఎండాకాలం సెలవులన్నీ పెద్దబాపు ఇంట్లోనే తిని పెరిగినవాడు, ఆయన్నే పట్టుకుని ఊరాయన అన్నాడు. ఛీ, ఏం పుట్టుక ఇది అనిపించింది. అయినా వెనక్కి వచ్చి, ఆయన ముఖం చూడకుండా చెప్పాడు.

“నువ్వు బయట చాయ్ హోటల్ల కూసో పెద్దబాపూ. నీ పని నేను జేయించుకొనస్త.”

“గంతే చాలు బిడ్డా. నీ కడుపు సల్లగుండ!” పెద్దాయన సంతోషంగా మెట్లు దిగిపోయాడు. ఆ దీవెన విన్నాక లింగమూర్తికి అక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

“రాజం వీలునామా కేసూ!” అటెండరు గట్టిగా అరిచాడు.

జడ్జి నడివయసు ఆవిడ. కాగితాలు తిరగేసి తలెత్తింది.

“సాక్షుల వాంగ్మూలాలు అయిపోయాయి కదా. లింగమూర్తిగారూ, ఈ వీలునామా రాసిన మీ నాన్నగారు రాజం చనిపోయారు. అంతేనా?”

లింగమూర్తి నోరు తెరిచాడు. అప్పుడే తలుపు దగ్గర పెద్దబాపు కనిపించాడు. తన పేరే పిలిచారనుకుని చాయ్ కూడా తాగకుండా పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

“చెప్పండి. రాజం చనిపోయారా?”

“సచ్చిపోయిండు మేడం.”

బతికున్న మనిషి ముందరే ఆ మాట అనేశాడు. పెద్దాయన రొప్పడం కూడా మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు చదువు రాకపోవచ్చు గానీ, ఇది అర్థం చేసుకోవడానికి చదువెందుకు?

“అభ్యంతరం ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా?” జడ్జి అడిగింది.

“నేనొక్క మాట జెప్పాలె తల్లీ.”

పెద్దాయన చెప్పులు బయటే విడిచి, మెల్లగా నడిచి ముందుకొచ్చాడు. జగదీశ్వర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. చిత్రంగా లింగమూర్తికి భయం పోయింది. చెప్పెయ్ పెద్దబాపూ, నా మొఖాన ఉమ్మేసి మరీ చెప్పెయ్, ఇల్లు పోతే పోనీ అని లోపల్లోపలే మొత్తుకున్నాడు.

“చెప్పు పెద్దాయనా, ఏమిటి నీ అభ్యంతరం?”

“అభ్యంతరమేం లేదు తల్లీ. రాజం సచ్చిపోయిన మాట నిజమే. ఆ ఇల్లు ఈ పోరనికే రావాలె.”

“సరే, రాసుకుంటాం. రాజం నీకేమవుతాడు? నీ పేరేమిటి?”

పెద్దాయన లింగమూర్తి వైపు ఒక్కసారి చూసి, జడ్జికి చేతులు జోడించాడు.

“ఆయన తమ్మున్ని తల్లీ. నా పేరు ముత్యం.”